పొద్దున్నే ఫోన్ చూడకుండా రోజు మొదలుపెట్టడం ఎలా: ముందురాత్రి నుంచి చేసుకోవాల్సిన ఏర్పాట్లు

"రేపటి నుంచి లేవగానే ఫోన్ చూడను" అని రాత్రి గట్టిగా అనుకుంటారు. తెల్లారేసరికి దిండు పక్కనున్న ఫోన్‌తో నలభై నిమిషాలు గడిచిపోయి ఉంటాయి. అనుకున్నది ఎందుకు నిలబడటం లేదని చాలామంది నన్ను అడుగుతున్నారు.

నాకు తెలిసిన జవాబు ఒకటే. ఈ పని పొద్దున్న మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. కళ్లు తెరిచాక పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా మెదడు ఇంకా నిద్రమత్తులోనే ఉంటుంది. ఆ మత్తులో ఉన్న మనిషిని నిగ్రహం చూపించమనడం అన్యాయం. చేయాల్సిన నిర్ణయాలన్నీ రాత్రే చేసేసి, పొద్దున్న లేచే మనిషికి ఆలోచించే అవసరమే లేకుండా చేయాలి. కింద రాసినవన్నీ అందుకోసమే.

లక్ష్యం లేచిన మొదటి గంట. కష్టమనిపిస్తే అరగంటతో మొదలుపెట్టండి. ఆ సమయంలో ఎవరైనా కాల్ చేస్తే మామూలుగా ఎత్తి మాట్లాడొచ్చు. మీ అంతట మీరు స్క్రీన్ తెరిచి చూడకూడదు, అంతే.

1. మూడు రోజులు ఏమీ మార్చకండి, రాసుకోండి

మంచం పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. రోజూ పొద్దున్న ఫోన్ కింద పెట్టాక రెండు విషయాలు రాయండి. మొదట దేనికోసం తీశారు? చివరికి ఎక్కడ తేలారు?

"టైమ్ చూద్దామని తీశా. ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు, అక్కణ్నుంచి రీల్స్. 35 నిమిషాలు." ఇలా ఉంటే చాలు.

మూడు రోజులు రాస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఫోన్ తీసిన మొదటి కారణం దాదాపు ఎప్పుడూ న్యాయమైనదే: టైమ్ చూడటం, అలారం ఆపడం, ఈరోజు తిథి ఏమిటో చూడటం, పాలు ఆర్డర్ పెట్టడం, స్కూలు బస్సు సంగతి. సమయం పోయేది ఆ పని అయిపోయాక. కాబట్టి మనం ఆపాల్సింది ఆ మొదటి పనిని కాదు. దాన్ని ఫోన్ లేకుండా జరిపించుకోవాలి. ఈ కాగితం లేకుండా నేరుగా రెండో మెట్టుకు వెళ్తే మీ ఇంటికి అవసరం లేని ఏర్పాట్లు చేసుకుంటారు, అసలు కన్నం అలాగే ఉండిపోతుంది.

2. ఫోన్ చేస్తున్న పనులను వేరేవాటికి అప్పగించండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఒక వారాంతం దీనికి కేటాయించండి.

*అలారం.* ఫోన్‌లో అలారం ఉన్నంతకాలం లేవగానే మొదట ముట్టుకునేది ఫోన్‌నే. అందుకే ముందుగా ఒక మామూలు టేబుల్ గడియారం కొనండి. వాచీల షాపులో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినండి. టిక్ టిక్ శబ్దం గట్టిగా ఉంటే రాత్రి నిద్ర పట్టదు, మూడో రోజుకే దాన్ని హాల్లో పడేస్తారు. ముల్లు ఆగకుండా జారుతూ తిరిగే రకం అయితే శబ్దం తక్కువ.

ముల్లుల గడియారం వాడి చాలా ఏళ్లయినవాళ్లు ఒక విషయం మర్చిపోతారు. అందులో అలారం పన్నెండు గంటల లెక్కలో పనిచేస్తుంది. అయిదుకు పెడితే తెల్లవారుజామున అయిదుకూ మోగుతుంది, సాయంత్రం అయిదుకూ మోగుతుంది. కాబట్టి లేచాక బటన్ ఆపేయాలి, పడుకునే ముందు మళ్లీ ఆన్ చేయాలి. అలారం ముల్లుకు నిమిషాల లెక్క ఉండదు, కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. వెనక మర మీద బాణం గుర్తు ఉంటే అటువైపే తిప్పండి. మొదటి రోజే దాని మీద ఆధారపడకుండా, ఒక మధ్యాహ్నం పెట్టి చూసి ఎప్పుడు మోగుతుందో గమనించండి. రైలు పట్టుకోవాల్సిన రోజు అయితే ఫోన్ అలారం కూడా పెట్టుకోండి. కానీ ఫోన్ హాల్లోనే ఉండాలి.

గడియారం మంచం మీంచి చెయ్యి చాపినా అందనంత దూరంలో ఉండాలి. లేచి వెళ్తే తప్ప ఆగకూడదు.

*రాత్రి మెలకువ వస్తే టైమ్, టార్చి.* ఫోన్ మళ్లీ మంచం దగ్గరికి చేరడానికి పెద్ద కారణం ఇదే. కరెంటు పోతే, బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ఫోన్ వెలుగే దిక్కు. చిన్న టార్చి ఒకటి, బాత్‌రూమ్ దారిలో ఒక బెడ్ లైట్ పెట్టండి.

*తిథి, రాహుకాలం.* గోడ క్యాలెండర్ ఉండనే ఉంది. దాన్ని వంటింట్లోకో, దేవుడి గది పక్కకో మార్చండి, పొద్దున్న కంటికి ఎదురుగా ఉండాలి.

*సుప్రభాతం, భక్తి పాటలు.* ఇది చాలా ఇళ్లలో నిజమైన ఇబ్బంది. పాట పెడదామని యాప్ తెరుస్తారు, పక్కన ఇంకో వీడియో కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకర్ గానీ, రేడియో గానీ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ఒక బటన్ నొక్కితే మోగాలి.

*వ్యాయామం, యోగా.* వీడియో చూస్తూ చేసేవాళ్లు రోజూ చేసే ఆసనాల వరుసను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రెండు వారాల్లో ఆ కాగితం కూడా అక్కర్లేదు.

*నడక.* అడుగుల లెక్క కోసం ఫోన్ జేబులో వేసుకుంటాం. ఒక్కసారి మీ రూటులో ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకోండి, ఆపైన చేతి గడియారం చాలు. స్మార్ట్ వాచీ ఉంటే అందులో నోటిఫికేషన్లు ఆపేయాల్సిందే. లేదంటే మణికట్టు మీద ఇంకో ఫోన్ ఉన్నట్టే.

*పాలు, కూరగాయలు.* ఆర్డర్ రాత్రి భోజనం అయ్యాక పెట్టేయండి.

*వార్తలు.* పేపరు వేయించుకోండి. పేపరు చదివితే అయిపోతుంది. ఫోన్‌లో వార్తలకు చివరంటూ ఉండదు.

3. ఫోన్ పడుకునే చోటు

పడకగది బయట, రోజూ ఒకే చోట. హాల్లో టీవీ పక్కన, డైనింగ్ టేబుల్ దగ్గర, ఎక్కడైనా సరే, అక్కడ ప్లగ్ పాయింట్ ఉండాలి. చార్జర్ అక్కడే శాశ్వతంగా ఉండాలి.

ఇప్పుడు మంచం దగ్గరున్న చార్జర్‌ను తీసేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఈ ఒక్కటి చేయక వెనక్కి జారినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. చార్జర్ ఉన్నచోటికి ఫోన్ వెళ్తుంది, ఫోన్ ఉన్నచోటికి చెయ్యి వెళ్తుంది.

ఒకే గది ఉన్నవాళ్లు, హాస్టల్లో ఉండేవాళ్లు ఏం చేయాలి? పడుకునేలోపే చార్జింగ్ పూర్తి చేసి, చార్జర్ పీకేసి, ఫోన్‌ను బ్యాగులో వేసి జిప్ పెట్టి, బ్యాగును గదికి అవతలి వైపు ఉంచండి. చార్జ్ అవుతున్న ఫోన్‌ను మాత్రం దిండు కింద, బట్టల మధ్య పెట్టకండి, వేడెక్కుతుంది.

4. అర్జెంటు కాల్ వస్తే ఎలా?

ఊళ్లో పెద్దవయసు అమ్మానాన్నలు ఉన్నవాళ్లు, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఈ భయంతోనే ఫోన్ పక్కన పెట్టుకుంటారు. భయం సరైనదే. దానికి ఏర్పాటు చేసుకుంటే మనసు కుదుటపడుతుంది, లేకపోతే ఈ పద్ధతి నాలుగు రోజులు కూడా నడవదు.

అన్నిటికంటే సులువైన దారి: రాత్రి మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి, రింగ్ సౌండ్ పూర్తిగా పెంచండి. అప్పుడు మీ ఫోన్ పాత ల్యాండ్‌లైన్‌లా మారిపోతుంది. కాల్ వస్తే హాల్లోంచి వినిపిస్తుంది, వాట్సాప్ మాత్రం రాదు. డేటా ఆపితే ఫోర్‌జీ నెట్‌వర్క్‌లో కాల్స్ రావేమోనని కొందరికి అనుమానం. వస్తాయి, ఎస్సెమ్మెస్‌లు కూడా వస్తాయి.

మూడు జాగ్రత్తలు చెప్పాలి.

ఐఫోన్‌లో పైనుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో వైఫై నొక్కితే అది పూర్తిగా ఆగదు. తెల్లవారి అయిదింటికి తనంతట తానే మళ్లీ కలుస్తుంది. సరిగ్గా మీరు లేచే వేళకు! కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపండి.

ఇంట్లో సిగ్నల్ బలహీనంగా ఉండి, వైఫై ద్వారా కాల్స్ మాట్లాడేవాళ్లు వైఫై ఆపితే కాల్స్ కూడా ఆగిపోవచ్చు. ముందు ఒకసారి ఆపి, ఇంకో ఫోన్ నుంచి కాల్ చేసి చూసుకోండి.

విదేశాల్లో ఉన్న పిల్లలు వాట్సాప్‌లోనే కాల్ చేస్తారు. మనకు పొద్దున్న ఏడు అంటే న్యూయార్క్‌లో ఎండాకాలం ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలం ఎనిమిదిన్నర. వాళ్లు పని ముగించుకుని తీరిగ్గా మాట్లాడే సమయం అదే. మాట్లాడే వేళను ఎనిమిదికి మార్చుకుందాం అని వాళ్లకు చెప్పండి. అర్జెంటైతే మామూలు ఐఎస్‌డీ కాల్ చేయమనండి.

డేటా ఆపడం కుదరనివాళ్లకు రెండో దారి డూ నాట్ డిస్టర్బ్, అంటే ఫోన్ మోగకుండా ఆపే సెట్టింగ్. ఆండ్రాయిడ్‌లో కాంటాక్ట్స్‌లో అమ్మ, నాన్న, తోబుట్టువులు, స్కూలు, ఆఫీసులో ఒక్కరు, ఇలా అయిదారుగురికి స్టార్ గుర్తు పెట్టి, వాళ్ల కాల్స్ మాత్రం మోగేలా అనుమతి ఇవ్వండి. ఐఫోన్‌లో ఇదే పని స్లీప్ ఫోకస్‌లో చేయొచ్చు. రెండిట్లోనూ "వెంటవెంటనే మళ్లీ కాల్ చేస్తే మోగనివ్వు" అనే ఆప్షన్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అదే మనిషి పదిహేను నిమిషాల్లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. "తగలకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యి" అని ఇంట్లోవాళ్లందరికీ చెప్పి ఉంచండి.

స్కూలు వాట్సాప్ గ్రూపులో పొద్దున్న ఏడింటికి "ఈరోజు బస్సు లేటు" అని పెడతారు. దానికి నేను చూసిన మంచి మార్గం: అదే బస్సులో పిల్లల్ని పంపే ఇంకో ఇంటివాళ్లతో మాట్లాడుకోవడం. ఎవరికి తెలిసినా రెండోవాళ్లకు కాల్ చేయాలి.

5. రాత్రి పది నిమిషాలు

ఈ పట్టికను కాగితం మీద రాసి ఫోన్ చార్జింగ్ పెట్టే చోట అంటించండి.

☐ రేపటి పాలు, టిఫిన్ సరుకులు, క్యాబ్ చూసుకున్నాను
☐ రేపు వాన ఉందో లేదో చూశాను, గొడుగు తలుపు దగ్గర పెట్టాను
☐ రేపు పొద్దున్న చేయాల్సిన మొదటి పని కాగితం మీద రాశాను
☐ వేసుకునే బట్టలు, నడక చెప్పులు బయట పెట్టాను
☐ కాఫీకి డికాక్షన్ వేశాను
☐ మంచినీళ్ల సీసా మంచం పక్కన పెట్టాను
☐ డేటా, వైఫై ఆపాను, రింగ్ సౌండ్ పెంచాను
☐ ఫోన్ దాని చోట పెట్టాను
☐ గడియారం అలారం బటన్ ఆన్ చేశాను

మూడోది వదిలేయకండి. "రేపు పొద్దున్న ఏదైనా మంచి పని చేద్దాం" అని వదిలేస్తే ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి ఫోనే వస్తుంది. "లేచి ముఖం కడుక్కుని వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తాను", "డాబా మీద కుండీలకు నీళ్లు పోస్తాను" అని ఒక్క వాక్యం రాయండి. చేతులు కదిలే పని అయితే మరీ మంచిది.

6. పొద్దున్న వరుస

మెట్టు 1. అలారం ఆపి మళ్లీ పడుకోకండి. మంచం పక్కనే కూర్చుని నీళ్లు తాగండి.

మెట్టు 2. దుప్పటి మడత పెట్టండి. పక్క ఎత్తేస్తే మళ్లీ ఒరిగే దారి ఉండదు.

మెట్టు 3. బాత్‌రూమ్. ఇక్కడికి ఫోన్ తీసుకెళ్లే అలవాటు ఉన్నవాళ్లకు మొదటి వారం ఇదే గడ్డు సమయం. అయిదు నిమిషాల్లో రావాల్సినవాళ్లు ఇరవై నిమిషాలు కూర్చుంటారు. ఏమీ తోచనట్టు ఉంటుంది, ఉండనివ్వండి. ఆ తోచకపోవడంలోంచే ఆరోజు చేయాల్సిన పనులు ఒక్కొక్కటిగా గుర్తొస్తాయి.

మెట్టు 4. వెలుతురులోకి వెళ్లండి. బాల్కనీ, డాబా, వాకిలి, ఏదైనా. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను లేచాక అరగంట నుంచి ముప్పావుగంటలో సహజంగానే పెరిగి మనల్ని చురుకు చేస్తుంది. పగటి వెలుగు శరీరంలోని గడియారాన్ని సరిచేస్తుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో బల్బు వెలుగు మామూలుగా కొన్ని వందల లక్స్ దాటదు. సూర్యుడు వచ్చాక బయట మబ్బుగా ఉన్నా వేల లక్స్‌లలో ఉంటుంది. పది నిమిషాలు చాలు. మీరు సూర్యోదయానికి ముందే లేచేవాళ్లయితే ఈ మెట్టును వెనక్కి జరపండి.

మెట్టు 5. రాసుకున్న మొదటి పని చేయండి.

మెట్టు 6. కాఫీ, టీ. పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే నిలబడండి. ఈ మూడు నాలుగు నిమిషాల్లోనే చెయ్యి ఫోన్ కోసం వెతుకుతుంది, పాలు పొంగిపోయేదీ అప్పుడే. కాఫీ తాగేటప్పుడు ఎదురుగా మనిషి ఉంటే మాట్లాడండి, లేదా పేపరు పట్టుకోండి. ఇంట్లో అందరూ కలిసి కూర్చునే సమయం ఇదొక్కటే అయితే మిగతావాటి కంటే దీన్ని గట్టిగా కాపాడుకోమని చెప్తాను.

ఈ వరుస పూర్తయ్యేసరికి దాదాపు గంట గడుస్తుంది.

7. ఫోన్ తెరిచే మొదటి అయిదు నిమిషాలు

గంటసేపు ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ తెరిచి ఇంకో గంట పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. తెరిచే పద్ధతి కూడా ముందే అనుకోవాలి.

ఫోన్ ముట్టుకునే ముందు ఏం చూడాలో కాగితం మీద రాయండి. మూడుకు మించొద్దు. నిలబడే చూడండి, కూర్చోవద్దు. వరుస ఇలా ఉండాలి: ముందు మిస్డ్ కాల్స్, తర్వాత ఎస్సెమ్మెస్‌లు, అప్పుడు డేటా ఆన్ చేసి స్కూలు లేదా ఆఫీసు గ్రూపు. ఫ్యామిలీ గ్రూపు గుడ్ మార్నింగ్‌లకు జవాబు టిఫిన్ తర్వాత పెట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ గ్రూపులను ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టి ఆర్కైవ్ చేస్తే పైన కనిపించవు, మీరు తీరిగ్గా వెళ్లి చూసుకోవచ్చు.

రీల్స్ లాంటివి ఉండే యాప్‌లను మొదటి స్క్రీన్ మీద నుంచి తీసి లోపల ఫోల్డర్‌లో పెట్టండి.

8. ఎక్కడ జారుతాం, ఎలా సర్దుకోవాలి

*మొదటి రోజే గంటన్నర పెట్టుకోవడం.* ఉత్సాహంతో చేసే తప్పు ఇది. అరగంటతో మొదలుపెట్టి వారానికి పది నిమిషాలు పెంచండి.

*ఒక్కరే చేయడం.* పక్క మంచం మీద భర్తో, భార్యో ఫోన్ చూస్తుంటే మీ చెయ్యి ఊరుకోదు. ఇంట్లోవాళ్లను పోరు పెట్టి ఒప్పించడం కంటే, అందరి ఫోన్లకూ ఒకే చోట చార్జర్లు పెట్టడం బాగా పనిచేస్తుంది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా వడ్‌గావ్‌లో 2022లో సాయంత్రం ఏడింటికి సైరన్ మోగగానే ఊరంతా గంటన్నరసేపు టీవీలు, ఫోన్లు పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఊరే చేయగలిగితే నలుగురున్న ఇల్లు చేయలేదా?

*పిల్లలకు వేరే రూలు.* "నువ్వు చూడొద్దు" అని చెప్పి మనం చూస్తే వాళ్లు రెండు రోజుల్లో పట్టేస్తారు. ఈ పద్ధతిని పెద్దవాళ్లు ముందు రెండు వారాలు చేసి, ఆ తర్వాతే పిల్లలకు చెప్పండి.

*సెలవు రోజు వదిలేయడం.* ఆదివారం లేచాక చేయడానికి పనే ఉండదు, అందుకే కష్టం. ఆదివారానికి వేరే మొదటి పని పెట్టుకోండి: రైతుబజారుకు వెళ్లడం, తలంటు, దోసెల రోజు, ఏదైనా.

*ఒకరోజు చూసేస్తే మొత్తం వదిలేయడం.* లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, అలవాటును బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం జరగలేదు. కాబట్టి చాలామంది చెప్పే "21 రోజుల్లో అలవాటైపోవాలి" అనే మాట పట్టుకుని టెన్షన్ పడకండి. తప్పిన రోజు సాయంత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: రాత్రి పట్టికలో ఏది చేయలేదు? నూటికి తొంభై సార్లు జవాబు అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

9. కొందరికి కొన్ని మార్పులు

*పసిపిల్లల తల్లులు.* రాత్రి మూడుసార్లు లేచేవాళ్లకు "మొదటి గంట" ఏదో చెప్పడమే కష్టం. పాలిచ్చేటప్పుడు ఫోన్ చూస్తున్నామని బాధపడొద్దు. ఉదయం చివరిసారి లేచాక పది నిమిషాల వెలుతురు, ఒక గ్లాసు నీళ్లు. ఇప్పటికి అంతే పెట్టుకోండి.

*డ్యూటీ మీద ఉండే డాక్టర్లు, లైన్‌మెన్‌లు, పోలీసులు.* ఫోన్ దగ్గర ఉండాల్సిందే. డేటా మాత్రం ఆపండి. కాల్ వస్తే వెళ్తారు, రాకపోతే ఉదయం మీదే. డ్యూటీ సమాచారం వాట్సాప్‌లో వచ్చే చోట డేటా ఆపకుండా, ఆ ఒక్క గ్రూపుకు వేరే రింగ్‌టోన్ పెట్టి, మిగతా గ్రూపులన్నీ మ్యూట్ చేయండి.

*నైట్ షిఫ్ట్ వాళ్లు.* మీకు ఉదయం అంటే లేచిన సమయం, మధ్యాహ్నం మూడైనా సరే. పైన చెప్పిన వరుస అంతా అప్పుడు వర్తిస్తుంది. ఒక్క తేడా: మీరు పడుకునేటప్పుడు లోకమంతా మెలకువగా ఉంటుంది, కాల్స్ ఎక్కువ వస్తాయి. కాబట్టి మీకు డేటా ఆపడం ఒక్కటే సరిపోదు, డూ నాట్ డిస్టర్బ్ కూడా ఉండాలి. ముల్లుల గడియారంలో మధ్యాహ్నం మూడుకు పెట్టిన అలారం తెల్లవారుజామున మూడుకు కూడా మోగుతుంది. మీరు ఆఫీసులో ఉంటారు, ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. డ్యూటీకి బయల్దేరే ముందు ఆ బటన్ ఆపి వెళ్లండి.